పట్టాలు లేని దారి

బే ఏరియాలో కాపురముంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక అలిఖిత శాసనం ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదటి వారం గోల్డెన్ గేట్ వంతెన, రెండో వారం లివర్‌మోర్‌లోని శివవిష్ణు దేవాలయం, మూడో వారం మాంటెరే. మాంటెరేకి వెళ్ళినవాళ్ళు కూడా ఒక వరసలోనే నడుస్తారు. అక్వేరియం చూస్తారు, పదిహేడు మైళ్ళ రోడ్డు మీద కారు తిప్పుతారు, రాతి మీద నిలబడ్డ ఆ ఒంటరి సైప్రస్ చెట్టు ముందు ఫొటో దిగుతారు, చీకటి పడకుండా ఇంటికి తిరిగొస్తారు. ఈ హడావుడిలో అక్వేరియం గోడ పక్కనుంచే పోతున్న ఒక దారిని కార్ పార్కింగుకి అడ్డదారిగా వాడుకుంటారే తప్ప, దాని మీద పనిగట్టుకుని నడిచేవాళ్ళు తక్కువ. నన్నడిగితే మాంటెరేలో చూడవలసినది ఆ దారే.

దాని పూర్తి పేరు మాంటెరే బే కోస్టల్ రిక్రియేషన్ ట్రయల్. ఉత్తరాన క్యాస్ట్రోవిల్ అనే చిన్న ఊరి నుంచి దక్షిణాన పసిఫిక్ గ్రోవ్ దాకా 18 మైళ్ళు. అంటే 29 కిలోమీటర్లు. అంతా నడవమని ఎవరికీ చెప్పను. ఉత్తరపు సగంలో ఇసుక దిబ్బలూ, గాలీ, పక్కనే హైవే రొదా ఉంటాయి. పాత రేవు దగ్గర మొదలుపెట్టి లవర్స్ పాయింట్ అనే కొనదాకా నడిస్తే చాలు. నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎడమచేతి వైపు ఊరు, కుడిచేతి వైపు సముద్రం. ఏప్రిల్ నెలలో వెళ్తే లవర్స్ పాయింట్ దాటాక ఒడ్డంతా గులాబీరంగు దుప్పటి పరిచినట్లుంటుంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక నేల మొక్క పువ్వులవి. 1943లో హేస్ పెర్కిన్స్ అనే ఆయన, తన ఇంటి ఎదుట విషపు తీగ పెరిగిన గట్టును చూడలేక, ఒక్కడే నాటడం మొదలుపెట్టాడు.

ఇది ఒకప్పుడు రైలు మార్గం. ఈ సంగతి బోర్డుల మీద రాసి ఉంది కానీ, చదవనక్కరలేదు. నడుస్తున్న కాళ్ళకే తెలుస్తుంది. మామూలు కొండదారికి ఎక్కడపడితే అక్కడ ఎక్కుళ్ళూ దిగుళ్ళూ ఉంటాయి. మనుషులో పశువులో తొక్కి తొక్కి వేసిన దారికి వాటి తొందరా బద్ధకమూ రెండూ అంటుకుని ఉంటాయి. రైలు అలా ఒప్పుకోదు. నున్నటి ఇనుప పట్టాల మీద నున్నటి ఇనుప చక్రం ఎత్తు ఎక్కలేదు. కాబట్టి ఎక్కడ గట్టు ఉంటే అక్కడ కోసి, ఎక్కడ పల్లముంటే అక్కడ పూడ్చి, మలుపును సాగదీసి సాగదీసి వంపుగా మార్చి, మొత్తానికి నేలను తన మాట వినేలా చేసుకుంటుంది. పట్టాలు పోయినా ఆ మాట పోలేదు. అందుకే ఇక్కడ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళూ, తోపుడుబళ్ళలో పసిపిల్లలూ, మోకాళ్ళు అరిగినవాళ్ళూ సముద్రం పక్కన ఇబ్బంది లేకుండా సాగిపోతుంటారు.

మోకాళ్ళు అరిగినవాళ్ళలో మా నాన్నగారు ఒకరు. 2019 ఏప్రిల్‌లో ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చాను. ఆయన ఉద్యోగమంతా రైల్వేలోనే, అదీ రైలెక్కే ఉద్యోగం కాదు, రైలు కింద ఉండేది. పట్టాలూ, స్లీపర్లూ, కంకరా, గ్యాంగుమనుషులూ ఆయన లోకం. ఎండలో ట్రాలీ మీద పోతూ పట్టా ఎక్కడ అరంగుళం పక్కకి జరిగిందో కంటితో చూసి చెప్పేవారు. అలాంటి మనిషి ఆ తారు దారి మీద పది నిమిషాలు నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూసి, "అమ్మాయ్, ఇది నూటికి ఒకటి కూడా ఉండదు" అన్నారు. నూరు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు కూడా ఎక్కడం లేదని. అక్వేరియం మొత్తంలో ఆయన ముఖంలో కనబడని వెలుగు అప్పుడు కనబడింది.

ఆయన శాఖకు పేరు పర్మనెంట్ వే. బ్రిటిష్ వాళ్ళు పెట్టిన పేరు. లైను కట్టేటప్పుడు మట్టీ రాళ్ళూ మోయడానికి తాత్కాలికంగా పట్టాలు పరిచేవారట. అది తీసేసి అసలు పట్టాలు వేస్తే అది శాశ్వతమైన దారి అన్నమాట. ఆ మాట అక్కడ, ఆ తారు మీద నిలబడి తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. "లైను తీసేశారంటే ఇంక ఆ ఊరికి దిక్కేముందే" అన్నారు.

ఆ మాట వెనక ఒక కథ ఉంది, అది మా వైపు కథ. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వేశారు. పన్నెండేళ్ళయినా తిరక్కుండానే, 1940లో, యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. ఆ లైను మళ్ళీ రావడానికి 2004 నవంబరు దాకా పట్టింది. అరవై నాలుగేళ్ళు! ఆ మధ్యలో పుట్టి, పెరిగి, ముసలివాళ్ళయిపోయిన మనుషులున్నారు, ఊరి పక్కన మట్టి కట్ట చూపించి ఇదిగో ఇక్కడ రైలు పోయేదట అని పిల్లలకు చెప్పుకుంటూ. మా నాన్నగారి దృష్టిలో పట్టాలు లేని రైలు కట్ట అంటే ఒక అన్యాయం. దాన్ని పచ్చిక పెంచి, బెంచీలు వేసి, విహారానికి వాడుకోవడమన్నది ఆయనకు మింగుడు పడలేదు. నేను వాదించలేదు. కాకినాడ కట్టనూ మాంటెరే కట్టనూ ఒకే గాట కట్టడం నాకూ ఇష్టం లేదు. అక్కడ రైలును జనం దగ్గర నుంచి లాక్కున్నారు, ఇక్కడ జనం కారెక్కి రైలును వదిలేశారు.

ఇక్కడి రైలు పుట్టుక కూడా ముచ్చటైనదేమీ కాదు. సలీనాస్ లోయ రైతులు సదరన్ పసిఫిక్ కంపెనీ వసూలు చేసే కిరాయి భరించలేక, గోధుమల్ని మాంటెరే రేవుకి చేర్చుకోవడానికి 1874లో సొంతంగా ఒక చిన్న గేజి లైను వేసుకున్నారు. అయిదేళ్ళు తిరక్కుండా అది దివాలా తీసింది. కొన్నదెవరయ్యా అంటే, ఎవరిని తప్పించుకోవడానికి వేశారో ఆ సదరన్ పసిఫిక్ వాళ్ళే. ఆ కంపెనీ యజమానులే పసిఫిక్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అని మరొకటి పెట్టి చుట్టుపక్కల భూములు కొన్నారు, 1880లో హోటల్ డెల్ మాంటే అనే మహా వైభవమైన విడిది కట్టించారు. ఆ హోటలుకి శాన్ ఫ్రాన్సిస్కో ధనవంతుల్ని మోసుకురావడమే రైలు పని. 1889లో లైను పసిఫిక్ గ్రోవ్ దాకా సాగింది. డెల్ మాంటే ఎక్స్‌ప్రెస్ అని పేరున్న ఆ బండి 1971 ఏప్రిల్ 30న ఆఖరిసారి నడిచింది. ఆ మర్నాటి నుంచి అమెరికాలో ప్రయాణికుల రైళ్ళు ఆమ్‌ట్రాక్ చేతికి వెళ్ళాయి. ఈ బండి వాళ్ళ జాబితాలో లేదు.

రేవు దాటి కాస్త నడిస్తే క్యానరీ రో వస్తుంది. సార్డిన్ చేపల్ని డబ్బాల్లో పెట్టే కర్మాగారాల వీధి. ఈ సార్డిన్లకు దగ్గరి చుట్టాలే మన తీరంలో దొరికే కవళ్ళు. కర్మాగారాలు నీటి అంచున, గోదాములు వీధికి ఇవతల, పట్టాల పక్కన. రెంటికీ నడుమ వీధి మీదుగా గాలిలో కట్టిన కప్పున్న వంతెనలుండేవి. డబ్బాలు వాటిలోంచి గోదాముకి, గోదాము నుంచి రైలు పెట్టెకి. చేపలు వచ్చాయంటే కర్మాగారాల కూతలు అర్ధరాత్రయినా మోగేవి. ఎవరి కర్మాగారం కూత ఏదో పనివాళ్ళకు తెలుసు. లేచి పరిగెత్తుకు వచ్చేవారు. 1940ల మొదట్లో ఒక్కొక్క ఋతువులో రెండు లక్షల టన్నులకు పైగా సార్డిన్ పట్టిన ఘటాలున్నాయి. అందులో మనుషులు తిన్నది కొంతే. చాలా భాగం ఉడికించి, పిండి, కోళ్ళ దాణాగానూ ఎరువుగానూ మార్చారు. 1950లు వచ్చేసరికి చేప లేదు. కర్మాగారాలు ఒకటొకటిగా మూతబడ్డాయి. చివరిదైన హోవ్డెన్ వారిది 1973లో మూశారు, 1984లో ఆ స్థలంలోనే అక్వేరియం తెరిచారు. చేపల్ని ఉడికించిన చోటే ఇప్పుడు చేపల్ని అద్దాల వెనక పెట్టి టికెట్టు మీద చూపిస్తున్నారన్నమాట. (ఇందులో వెటకారమేమీ లేదు. ఆ అక్వేరియం మంచి పని చేస్తోంది.)

చేపలు అతిగా పట్టడం వల్లనే పోయాయా అంటే, అంత తేలికగా చెప్పడానికి లేదు. దక్షిణాన శాంటా బార్బరా దగ్గర సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదలో చేపల పొలుసుల్ని లెక్కపెట్టి చూశారు. మనిషి వల వేయకముందు కూడా, దాదాపు పదిహేడు వందల ఏళ్ళ పొడుగునా, సార్డిన్లు కొన్ని దశాబ్దాలు విరివిగా ఉండి కొన్ని దశాబ్దాలు కనుమరుగయ్యేవని తేలింది. నీరు చల్లబడటం, వేడెక్కడం దీనికి ఒక కారణం. అయితే తగ్గుతున్న కాలంలో తగ్గకుండా పట్టడం మాత్రం మనిషి చేసిన పనే.

ఈ వీధిలో 800 నెంబరు ఇంట్లో ఎడ్ రికెట్స్ అనే ఆయన ఉండేవాడు. స్టైన్‌బెక్ 1945లో రాసిన 'క్యానరీ రో' నవలలో డాక్ అనే పాత్రకు మూలం ఈయనే. నవల సంగతి అలా ఉంచితే, ఈయన 1939లో జాక్ కాల్విన్‌తో కలిసి రాసిన 'బిట్వీన్ పసిఫిక్ టైడ్స్' అనే పుస్తకం సముద్ర జీవశాస్త్రంలో ఒక మలుపు. అప్పటిదాకా జీవుల్ని కులగోత్రాల వారీగా వరసపెట్టి రాసేవారు. ఈయన, ఏ జీవి ఎక్కడ, ఎవరి పక్కన బతుకుతోందో దాన్నిబట్టి రాశాడు. అలల దెబ్బ తగిలే బండ మీద ఎవరు, మరుగున్న బండ మీద ఎవరు, ఇసుకలో ఎవరు అని. పట్టా లేని మనిషి కావడంతో పండితులు మొదట్లో అనుమానంగానే చూశారు.

1948 మే 8 సాయంత్రం ఆయన కారు ప్రయోగశాల నుంచి బయల్దేరి, డ్రేక్ అవెన్యూ దగ్గర పట్టాలు దాటుతుండగా డెల్ మాంటే ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది. మూడు రోజులకు, మే 11న పోయాడు. ఇంకో మూడు రోజులుంటే యాభై ఒకటి నిండేవి. ఇప్పుడా చోట ఆయన కంచు విగ్రహం ఉంది, చేతిలో భూతద్దంతో. దారిన పోయేవాళ్ళు ఆ చేతిలో తాజా పువ్వులు పెట్టి పోతుంటారు. మా నాన్నగారు విగ్రహాన్ని చూడలేదు. వీధి వైపు తిరిగి, ఏ కోణంలో వచ్చింది, ఎంత దూరం నుంచి డ్రైవరుకి కనబడి ఉంటుంది, పక్కనున్న గోదాము గోడ అప్పుడూ ఉందా అని అంచనా కట్టారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. గేటు లేని దాట్ల దగ్గర ఆయన చూసినవేమిటో ఆయన మాకెప్పుడూ చెప్పలేదు.

అక్వేరియం దాటగానే దారికి కుడి పక్కన ఇనుప కంచె మొదలవుతుంది. అవతల స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి హాప్కిన్స్ మెరైన్ స్టేషన్. కంచె కింద ఒక చిన్న ఇసుక ఒడ్డు, దాని మీద హార్బర్ సీళ్ళు బూడిదరంగు గోనెసంచుల్లా పడి ఉంటాయి. వసంతకాలంలో పిల్లల్ని కంటాయి. జనం కంచె పట్టుకుని, గొంతు తగ్గించుకుని చూస్తారు. పుట్టిన గంటకే తల్లి వెనక నీళ్ళలోకి దొర్లిపోయే పిల్లల్ని చూస్తూ అక్కడ ఎంతసేపైనా నిలబడవచ్చు.

ఈ ఒడ్డున ఒకప్పుడు ఒక ఊరు ఉండేది. 1850ల మొదట్లో చైనా నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు కట్టుకున్నది. బంగారం కోసమో కూలి కోసమో వచ్చిన ఒంటరి మగవాళ్ళ శిబిరం కాదు. ఆడవాళ్ళూ, పిల్లలూ, గుడీ ఉన్న అసలైన ఊరు. అక్కడ రెండు మూడు తరాలు పుట్టాయి. పగలు చేపలు పట్టనివ్వకుండా ఇతర జాలర్లు వలలు కోసేవారు. అందుకని రాత్రిపూట పడవల్లో జిగురు కట్టెలు మండించి, ఆ వెలుతురుకి పైకొచ్చే స్క్విడ్లను పట్టి, పొలాల్లో పరిచి ఎండబెట్టి చైనాకు పంపించుకునేవారు. ఆ వాసన హోటలుకి వచ్చే అతిథులకు గిట్టలేదు. ఎండుచేపల వాసన మీద ఊళ్ళు తగవులాడుకోవడం మన తీరంలోనూ వింతేమీ కాదు. కానీ ఇక్కడ భూమి పసిఫిక్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీది, ఊరు వాళ్ళ అద్దెదారులది. ఖాళీ చేయమన్నారు. వాళ్ళు చేయలేదు.

1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చింది. అక్కడి చైనావాళ్ళు కొందరు ఇక్కడికి తలదాచుకోవడానికి వచ్చారు. ఇంకా నెల తిరగలేదు, మే 16 రాత్రి ఈ ఊరు తగలబడింది. ఇళ్ళలో ఎక్కువ భాగం బూడిదయ్యాయి. చూడడానికి వచ్చినవాళ్ళలో కొందరు మిగిలిన సామాను దోచుకున్నారు. ఎవరు నిప్పు పెట్టారో, అసలు పెట్టారో లేదో ఏనాడూ తేలలేదు. తేలినదొకటే: మళ్ళీ ఇళ్ళు కట్టుకోవడానికి వీల్లేకుండా కంపెనీ ఆ స్థలానికి కంచె వేసింది. 1917లో హాప్కిన్స్ పరిశోధనశాల లవర్స్ పాయింట్ దగ్గర నుంచి ఆ స్థలంలోకి మారింది. ఈ హాప్కిన్స్, ఆ స్టాన్‌ఫర్డ్ ఎవరని చూస్తే, ఖండాన్ని దాటే రైలు మార్గాన్ని పడమటి వైపు నుంచి కట్టించిన నలుగురు కామందుల్లో ఇద్దరి పేర్లు. ఆ మార్గం సియెర్రా కొండల్లో తొలిచినదీ, మంచులో కూరుకుపోయినదీ వేలాదిమంది చైనా కూలీలు. 1869లో అది పూర్తయింది. వాళ్ళ చెమటలోంచి వచ్చిన సొమ్ము తిరిగి తిరిగి వాళ్ళ సాటివాళ్ళ ఊరున్న చోట పరిశోధనశాలగా నిలబడింది. అక్కడ జరిగిన పరిశోధన గొప్పదే. అయినా కంచె పట్టుకుని సీల్ పిల్లల్ని చూస్తున్నప్పుడు నా వేళ్ళు దేన్ని పట్టుకున్నాయో నాకు గుర్తొస్తూనే ఉంటుంది. పసిఫిక్ గ్రోవ్ పురపాలక సంఘం 2022లో ఆ కుటుంబాల వారసులకు క్షమాపణ చెప్పింది. నూట పదహారేళ్ళ తర్వాత.

నాన్నగారికి ఈ కథ నేనే చెప్పాను. ఆయన అడిగినది ఒకటే. "లైను వేయడానికి వీళ్ళ స్థలం తీసుకున్నప్పుడు డబ్బేమన్నా ఇచ్చారా?" అద్దెదారులకు ఎవరిస్తారు నాన్నగారూ, అన్నాను. ఆయన తలూపారు. భూసేకరణ కాగితాలు ఆయన ఎన్ని చూశారో!

కెల్ప్ అడవి ఇక్కడినుంచే బాగా కనిపిస్తుంది. నీటి మీద గోధుమరంగు ఆకులు తేలుతుంటాయి, వాటి కాడలు కింద రాయిని పట్టుకుని ఉంటాయి. వాతావరణం కుదిరితే రోజుకు అడుగు పైన పెరిగే మొక్క అది. దాని మధ్య వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని, దాని మీద గుల్లను కొట్టుకు తినే జంతువు సీ ఆటర్. మన చెరువుల్లో నీటికుక్క అంటామే, దానికి సముద్రపు చుట్టం. దాని ఒంటి మీద కొవ్వు పొర లేదు; చలి ఆపేది బొచ్చు ఒక్కటే. ఆ బొచ్చే దాని ప్రాణం మీదకు తెచ్చింది. వేటగాళ్ళు తుడిచిపెట్టేశారనే అనుకున్నారు. 1938లో ఇక్కడికి దక్షిణాన బిక్స్‌బీ వాగు దగ్గర చిన్న గుంపు బతికి ఉందని లోకానికి తెలిసింది. ఈనాడు కాలిఫోర్నియాలో ఉన్నవన్నీ ఆ గుంపు సంతానమే.

అవి తిరిగొచ్చేసరికి ఇక్కడ నీళ్ళు సురక్షితంగా ఉన్నాయంటే దానికి కారణం జూలియా ప్లాట్ అనే వృద్ధురాలు. జర్మనీలో 1898లో పిండశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుంది. ఆడదానికి ఉద్యోగమివ్వడానికి ఏ విశ్వవిద్యాలయమూ ముందుకు రాలేదు. వచ్చి పసిఫిక్ గ్రోవ్‌లో కాపురం పెట్టింది. లవర్స్ పాయింట్ దగ్గర బీచికి వెళ్ళే దారికి ఒకాయన తలుపు పెట్టి తాళం వేస్తే, స్వయంగా వెళ్ళి పగలగొట్టింది. 1931లో, డెబ్భై నాలుగో ఏట, మేయరుగా గెలిచింది. అప్పుడు ఒడ్డు పక్కనే కర్మాగారాల కుళ్ళు నీళ్ళు పారుతున్నాయి. ఊరి ముందరి సముద్రంలో కొంత భాగాన్ని ఎవరూ ముట్టుకోకూడని ఆశ్రయంగా చేయించింది. ఆమె 1935లో పోయింది. ఒక్క ఆటర్‌నూ చూడలేదు.

ఆటర్లు సీ అర్చిన్లనే ముళ్ళ జీవుల్ని తింటాయి, అర్చిన్లు కెల్ప్‌ను తింటాయి. 2013 నుంచి నక్షత్ర చేపలకు ఏదో తెగులు వచ్చి కుప్పలుగా చచ్చాయి, వెనకే 2014లో సముద్రం విపరీతంగా వేడెక్కింది. అర్చిన్లు పెచ్చుమీరాయి. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో కెల్ప్ అడవి నూటికి తొంభై పాళ్ళకు పైగా పోయింది. ఇక్కడ మాంటెరేలో కూడా చాలా చోట్ల బోసిపోయింది గాని, ఆటర్లు తిరిగే చోట్ల అతుకులు అతుకులుగా మిగిలింది.

లవర్స్ పాయింట్ చేరేసరికి నాన్నగారు బాగా అలిసిపోయారు. గడ్డి మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. ఎదురుగా సముద్రం ఆకుపచ్చగా, గాజులా ఉంది. ఆయన సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూస్తున్నారు. లైను ఇక్కడ ఆగలేదు కదా, ఇక్కడ బండి తిప్పడానికి చోటు లేదే, ఎటు పోయి ఉంటుందని ఆయన ప్రశ్న. నిజమే, ప్రయాణికుల బండి పసిఫిక్ గ్రోవ్ దాకా 1957 వరకే వచ్చింది కానీ, పట్టాలు ఇంకా ముందుకు, దిబ్బల్లోని తెల్లటి ఇసుకను గాజు చేసేవాళ్ళకు మోయడానికి పోయేవి. నేను ఆ సంగతి చెప్పబోయేలోగానే ఆయన పొట్లం కింద పెట్టి లేచి, మోకాలు పట్టుకుని నాలుగడుగులు వేసి, ఇళ్ళ వరసల మధ్య ఒక చోట వేలు పెట్టి చూపించారు. అక్కడ వీధి మిగతా వీధుల్లా చదరంగా లేదు. రెండు ఇళ్ళ ప్రహరీలు ఒకదాని వెంట ఒకటి, నిదానంగా, చాలా పొడుగ్గా వంపు తిరుగుతున్నాయి.

"అదిగో," అన్నారు. "అది మా వాళ్ళు కొట్టిన వంపే."